సెంటు తేడా

(బెంగళూరు మారతహళ్ళిలో తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి.

రెండు వారాల కిందట రాత్రి పదకొండింటికి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. మా చుట్టాలబ్బాయే. నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివి, ఈ మున్నేకొలాలలోనే పీజీలో ఉంటున్నాడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. గొంతు బాగా లేదు. ఏమైందిరా అంటే, "అక్కా, నన్ను తీసుకెళ్ళి పాత ప్రాజెక్టులో పడేశారు" అన్నాడు. ఏం ప్రాజెక్టు అని అడిగాను. జావా భాషలో పాత వెర్షన్ జావా 8, స్ట్రట్స్ అనే పాత జావా ఫ్రేమ్‌వర్క్, ఒరాకిల్ డేటాబేస్. కొత్తది రాయడం కాదు, ఉన్నదాన్ని నడిపించే సపోర్ట్ పని. జావా 8 వచ్చింది 2014 మార్చిలో. అప్పటికి వీడు ఏడో తరగతి. వీడితోపాటు చేరిన స్నేహితుణ్ణి ఏఐ టీమ్‌లోకి తీసుకున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు వాడికి ఏడుపొచ్చింది.

ఆ రాత్రి నాకు వాడి బాధకంటే వాడు వాడిన మాట ఎక్కువ గుచ్చుకుంది. మనం కొత్త ప్రాజెక్టులోకి "తీసుకున్నారు" అంటాం. పాతదాంట్లో "పడేశారు" అంటాం. "తోసేశారు" అంటాం. ఇరవై రెండేళ్ళ కిందట మా అమ్మకి ఫోన్ చేసి నేను కూడా అదే మాట అన్నాను. ఒక పనిలోకి మనిషిని పంపడాన్ని బావిలో పడెయ్యడంలా చెప్పుకునే అలవాటు మనకి ఎక్కడినుంచి వచ్చిందో ఇవాళ కాసేపు మాట్లాడుకుందాం.

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మన సామెత ఉండనే ఉంది. కానీ మన వృత్తిలో పాత అంటే వయసు అనుకుంటే లెక్క కుదరదు. డేటాబేస్‌ని అడిగే భాష ఎస్‌క్యూఎల్ పుట్టింది 1974లో. సి భాష 1970ల మొదట్లో. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 1991. ఇవి పాతవని ఎవరూ ముఖం తిప్పుకోరు. ఎస్‌క్యూఎల్ వచ్చని రెజ్యూమేలో గర్వంగా రాసుకుంటాం. మరోపక్క, పద్దెనిమిది నెలల కిందట రాసిన మైక్రోసర్వీస్‌ని, అంటే ఒక్క పని చేసే చిన్న ప్రోగ్రామ్‌ని చూపించి "అది లెగసీ, పాత సరుకు, దాన్ని ముట్టుకోకు" అనడం ఇదే బెల్లందూరులో, ఇదే వైట్‌ఫీల్డ్‌లో నేను చెవులారా విన్నాను. ఏడాదిన్నర కోడ్ పాతదెలా అయింది? రాసిన అబ్బాయి నోటీస్ పీరియడ్ అయిపోయి వెళ్ళిపోయాడు. అంతే జరిగింది.

ఇన్నేళ్ళలో నాకు తేలిన సంగతి ఇది. అడగడానికి మనిషి లేని కోడ్‌ని మనం పాతది అంటాం. ఆ మాట వెనక ఉన్నది భయం. ఈ లైను ఎందుకుందో తెలీదు, తీసేస్తే ఏమవుతుందో తెలీదు, ఎవర్ని అడగాలో తెలీదు. భయమని ఒప్పుకోవడం కష్టం కాబట్టి దాన్ని చిన్నచూపుగా మార్చుకున్నాం.

మనందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్తాను. సంక్రాంతికి ఊరెళ్ళాలి. అరవై రోజుల ముందు పొద్దున్న ఎనిమిది కొట్టకముందే ఫోన్ పట్టుకుని కూర్చుంటాం. శేషాద్రిలో ఒంగోలు వెళ్ళేవాళ్ళున్నారు, ప్రశాంతిలో విజయవాడ వెళ్ళేవాళ్ళున్నారు. మన చేతిలో ఉండేది ఐఆర్‌సీటీసీ యాప్. ఆ వెబ్‌సైటు మొదలైంది 2002లో. కానీ బెర్తు ఇచ్చేది యాప్ కాదు, దాని వెనక ఉన్న పీఆర్ఎస్. 1980ల మధ్యలో ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్ అది. యంత్రాలు మారుతూ వచ్చాయి గానీ, 2025లో రైల్వే శాఖ దాన్ని మార్చబోతున్నట్టు చెప్పినప్పుడు కూడా అది ఐటానియం చిప్పుల సర్వర్ల మీద, ఓపెన్ వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తోందనే చెప్పింది. వీఎంఎస్ అంటే 1977 నాటి వంశం. ఈ గదిలో దాని ముందు కూర్చున్నవాళ్ళు ఎంతమంది? (సభలో ఒకరు చెయ్యెత్తారు.) ఒక్కరు. మీకు నమస్కారం సార్. ఒక బెర్తుని ఇద్దరికి ఇవ్వకుండా, ఆర్ఏసీ, వెయిటింగ్ లిస్టు, కోటాలు అన్నీ తప్పకుండా లెక్క చూసుకుంటూ, మనమంతా ఒక్క నిమిషంలో మీద పడితే అంతా మోసింది ఆ "పాతదే". పేజీ తిరుగుతూ ఉండిపోయిందని మనం తిట్టుకున్న మాట నిజమే. కానీ ఇంటికి చేర్చింది కూడా అదే.

దాన్ని మార్చొద్దని నేను అనడం లేదు, మార్చాల్సిందే. ఐటానియం చిప్పులు పంపడం ఇంటెల్ 2021లోనే ఆపేసింది. విడిభాగం దొరకని యంత్రం మీద దేశం ప్రయాణాన్ని ఎన్నాళ్ళు ఉంచుతారు? నేను అడిగేది వేరు. మార్చేవాళ్ళు ముందు దాన్ని చదివారా?

ఇక నా సంగతి చెప్తాను. ఇది చెప్పడానికే వచ్చాను.

2003లో ఎంసీఏ అయిపోయి, అమీర్‌పేటలో ఒక కోర్సు చేసి బెంగళూరు వచ్చాను. మైత్రివనం చుట్టూ ఆ రోజుల్లో ఏ గోడ చూసినా జావా, డాట్‌నెట్, మెయిన్‌ఫ్రేమ్ అని బోర్డులే. నేను నేర్చుకున్నది జావా. కంపెనీ వేసింది మెయిన్‌ఫ్రేమ్‌లో, అంటే బ్యాంకుల్లాంటి సంస్థల లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్ల మీద, కోబాల్ పనిలో. కోబాల్ అంటే 1959లో కమిటీ వేసి తయారుచేసిన భాష. అది నడిచే యంత్రాల మూలం ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్ 360. మా నాన్నగారి పెళ్ళికంటే ముందుదాని మీద నేను పనిచెయ్యాలా అని ఏడ్చాను. ఏడాది తిరక్కుండా మేనేజర్ల చుట్టూ తిరిగి, ఎలాగో జావాలోకి మారాను. మారాక వెనక్కి చూడలేదు.

2011లో నేను వేరే కంపెనీలో ఉన్నాను. అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ సంస్థకి ప్రీమియం, ఏజెంటు కమిషన్ లెక్కలు కట్టే కోబాల్ ప్రోగ్రాములన్నీ జావాలోకి తిరగరాసే ప్రాజెక్టు. తిరగరాసే టీమ్‌లో నేను లీడ్. పాత టీమ్ అదే అంతస్తులో అటు చివర కూర్చునేది. వాళ్ళలో తెనాలి ఆయన ఒకరుండేవారు, యాభై దాటిన మనిషి. అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆయన దగ్గర ఎప్పుడూ ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది, అట్ట మీద బ్రౌన్ పేపరు వేసింది, బడిపిల్లల పుస్తకంలాగా. మా టీమ్ వాళ్ళు ఆయనతో మాట్లాడింది తక్కువ. కోడ్ మా చేతికి వచ్చేసింది, ఇంక ఆయనతో పనేముంది అనుకున్నాం. ఆ తప్పు నాది, లీడ్‌ని నేను కదా.

రాయడం ఎనిమిది నెలల్లో అయిపోయింది. ఇల్లు అలకగానే పండగ కాదు కదా, ప్యారలల్ రన్ మొదలైంది. అంటే పాతదీ కొత్తదీ రోజూ రాత్రి పక్కపక్కన నడిపి, ఫలితాలు పోల్చి చూడటం. మొదటి రాత్రే వేల పాలసీల్లో సెంట్ల తేడాలు, సెంటంటే డాలరులో వందో వంతు. కారణం మర్నాటికే దొరికింది. మా కుర్రాళ్ళు డబ్బుని డబుల్‌లో పెట్టారు, అంటే దశాంశాల్ని దాదాపుగా మాత్రమే దాచే రకంలో. డబుల్‌లో సున్నా పాయింట్ ఒకటికి సున్నా పాయింట్ రెండు కలిపితే సరిగ్గా సున్నా పాయింట్ మూడు రాదని మీ అందరికీ తెలుసు. కోబాల్‌లో ఆ గొడవే లేదు. అక్కడ డబ్బుని కాంప్-3లో దాస్తారు, ప్యాక్‌డ్ డెసిమల్. ఒక బైట్‌లో రెండు అంకెలు, ఏ అంకెకి ఆ అంకె, మనం కాగితం మీద రాసుకున్నట్టే. చివరి అర బైట్‌లో ప్లస్సో మైనస్సో చెప్పే గుర్తు. మేం జావాలో దశాంశాల్ని కచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్‌కి మార్చాం. తేడాలు చాలావరకు పోయాయి.

పోనివి కొన్ని మిగిలాయి. అన్నీ కమిషన్‌లోనే, అన్నీ ఒక్క సెంటే, అన్నిట్లో మాదే ఎక్కువ. మూడు వారాలు చూశాం. టెస్ట్ డేటా మార్చాం, టేబుళ్ళు మార్చాం. క్లయింటు వైపు నుంచి రోజూ కాల్. "ఒక్క సెంటే కదా, వదిలేద్దాం" అని మాలో ఒకరన్నారు. నాకూ వదిలేద్దామనే ఉంది.

ఒకరోజు సాయంత్రం, అంతస్తులో సగం లైట్లు ఆర్పేశాక, నేనే ఆయన దగ్గరికి వెళ్ళాను. "సార్, ఒకసారి చూస్తారా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కుర్చీ జరిపి, కూర్చోమ్మా అన్నారు. ముందు డంప్ తెరిచారు, అంటే యంత్రం దాచుకున్న డేటా ఉన్నదున్నట్టు. తెర మీద పన్నెండు, ముప్ఫై నాలుగు అంటూ జతలు జతలుగా అంకెలు, చివర సి. ఆయన వాటిని మనం గడియారం చూసినంత సులువుగా చదువుతున్నారు. "చివర సి అంటే క్రెడిట్, డి అంటే డెబిట్, అలా గుర్తుపెట్టుకో" అన్నారు. ఒక పాలసీ తీసి కాగితం మీద లెక్క వేశారు. ప్రీమియం 1,283.70 డాలర్లు, కమిషన్ ఏడున్నర శాతం. 96.2775 వచ్చింది. "మీది ఎంత చూపిస్తోంది?" 96.28. "మాది?" 96.27.

తర్వాత ప్రోగ్రామ్ తెరిచారు. ప్రీమియం కట్టే లైనులో రౌండెడ్ అనే మాట ఉంది. దానికి నాలుగు లైన్ల కింద కమిషన్ కట్టే లైనులో ఆ మాట లేదు. కోబాల్‌లో రౌండెడ్ అని చెప్పకపోతే మిగిలిన భిన్నం కోసేస్తుంది, దగ్గరి సెంటుకి సవరించదు. మా వాళ్ళు ఆ తేడా చూశారు. చూసి, ఎవరో మర్చిపోయారనుకున్నారు. సవరించి, రెండుచోట్లా రౌండ్ చేశారు. పాతవాళ్ళ తప్పు దిద్దామని లోపల సంతోషం కూడా.

"మర్చిపోలేదమ్మా, ఇటు చూడు" అని ఆయన తెరని కుడివైపు జరిపారు. కోబాల్ లైనులో 72వ గడి దాకానే కంపైలర్ చదువుతుంది. 73 నుంచి 80 దాకా ఎనిమిది గడులు మనిషి కోసం వదిలారు. అట్టముక్కలకి చిల్లులు కొట్టి ప్రోగ్రామ్ ఎక్కించిన పంచ్ కార్డుల కాలం ఏర్పాటు అది. ఆ ఎనిమిది గడుల్లో, సరిగ్గా ఆ లైను పక్కన, ఏజీటీ0388 అని ఉంది. ఆయన నోట్‌బుక్ తీసి పేజీ తిప్పారు. 1988 మార్చిలో ఏజెంట్లతో ఆ సంస్థ కొత్త ఒప్పందం చేసుకుంది. కమిషన్‌లో సెంటులో భాగం వస్తే వదిలెయ్యాలని అందులో రాసుంది. ఎవరో ప్రోగ్రామర్, అమెరికాలో, ఆ మాట చదివి, రౌండెడ్ అన్న పదం తీసేసి, కారణం ఏడు అక్షరాల్లో పక్కన రాసి వెళ్ళాడు.

మరి మాకెందుకు కనపడలేదు? కోడ్‌ని మార్పిడి టూల్‌లోకి ఎక్కించేటప్పుడు మేం 72వ గడి దగ్గర కత్తిరించేశాం. కంపైలర్ చదవనిది మనకెందుకని. ఇరవై మూడేళ్ళు ఒక మనిషి మాట అక్కడ నిలబడి ఉంది. మేం మొదటిరోజే తుడిచేశాం.

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆయన మాత్రం నోట్‌బుక్ నా ముందుకి జరిపి, "ఇలాంటివి ఇంకా ఉన్నాయి, రేపటినుంచి రోజూ ఒక గంట కూర్చుందాం" అన్నారు. నాలుగు నెలలు కూర్చున్నాం. సాఫ్ట్‌వేర్ పని అంటే ఏమిటో నాకు ఆ నాలుగు నెలల్లో తెలిసింది. అంతకుముందు ఎనిమిదేళ్ళు రాయడమే పని అనుకున్నాను.

మాకు సెంటుతో పోయింది. అందరికీ అలా పోదు. బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు 2018 ఏప్రిల్‌లో పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి ఖాతాదారుల్ని ఒక్క వారాంతంలో మార్చింది. 19 లక్షల మందికి ఖాతాలు తెరుచుకోలేదు. కొందరికి వేరేవాళ్ళ ఖాతాలు కనపడ్డాయి. 2022లో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. పాతదాన్ని చదవకుండా వదిలేసినా అంతే ప్రమాదం. నైట్ క్యాపిటల్ అని అమెరికాలో షేర్ల వ్యాపార సంస్థ. 2003లోనే వాడకం మానేసిన కోడ్‌ని తీసెయ్యకుండా అలాగే ఉంచారు. దాన్ని నడిపించే ఫ్లాగ్‌నే, అంటే స్విచ్ లాంటిదాన్నే, 2012లో కొత్త పనికి వాడుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఒకదాంట్లో కొత్త కోడ్ పడలేదు. ఆగస్టు 1న ఆ ఒక్క సర్వర్‌లో చచ్చిందనుకున్న కోడ్ లేచింది. సుమారు నలభై అయిదు నిమిషాల్లో 44 కోట్ల డాలర్లు పోయాయి. ఒకచోట కంగారుగా మార్చారు, ఒకచోట అసలు ముట్టుకోలేదు. రెండోచోట, ఇది ఎందుకుంది అని కూర్చుని చదివిన మనిషి లేడు.

(సభలోంచి ఒక యువతి: "మేడం, ఇదంతా ఒప్పుకుంటాను. కానీ మూడేళ్ళు పాత ప్రాజెక్టులో ఉంటే బయట ఇంటర్వ్యూకి కూడా పిలవడం లేదు. మా సంగతేంటి?")

కూర్చో అమ్మా. ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, రావాలి కూడా. నీ భయం నిజం. ఇంటి లోను ఉంటుంది, ఊళ్ళో అమ్మానాన్నల ఖర్చు ఉంటుంది. పెళ్ళి సంబంధం చూసేవాళ్ళు కూడా ఇప్పుడు ప్యాకేజ్ ఎంతని అడిగాక ఏ టెక్నాలజీ అని అడుగుతున్నారు. పాతదాన్ని ప్రేమించు తల్లీ అని నేను నీకు చెప్తే అది అన్యాయం. ఈ తప్పు నీది కాదు, నాలాగా ఇంటర్వ్యూలు చేసే కుర్చీల్లో కూర్చున్నవాళ్ళది.

ఇక్కడ మేనేజర్లున్నారు, ఆర్కిటెక్టులున్నారు. మిమ్మల్ని అడుగుతున్నాను. అప్రైజల్ టైమ్‌లో కొత్త ఫీచర్ రిలీజ్ చేసిన వాడి పేరు మీకు గుర్తుంటుంది. ఏడాది పొడుగునా ఒక్క రాత్రి కూడా ప్రొడక్షన్, అంటే జనం వాడే అసలు వ్యవస్థ, పడిపోకుండా చూసినవాళ్ళ పేరు ఎందుకు గుర్తుండదు? కేక్ కోసేది రిలీజ్ రోజే. ఏమీ జరగని రాత్రికి కేక్ ఉండదు. హైక్ కూడా దాన్నిబట్టే వెళ్తోంది. ఇంకో మాట, కొత్తగా చేరిన పిల్లల్ని పాత కోడ్ ముందు ఒంటరిగా కూర్చోబెట్టి నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ పేరుతో రెండు వీడియోలు పంపడం మానండి. తెలిసిన మనిషి పక్కన కుర్చీ వెయ్యండి. నాకు ఆ కుర్చీ ఎనిమిదేళ్ళు ఆలస్యంగా దొరికింది.

ఇందాక అడిగిన అమ్మా, నీకు చెప్పేది రెండే. పాత ప్రాజెక్టులో ఉన్నన్నాళ్ళు ఫిర్యాదుల టికెట్లు మూసుకుంటూ గడిపెయ్యకు. అందులో ఒక మూల తీసుకో, వడ్డీ లెక్కో, రిఫండ్లో, ఏదో ఒకటి, దాన్ని ఇంకెవరికీ తెలియనంత లోతుగా చదువు. అప్పుడు రెజ్యూమేలో స్ట్రట్స్ అని రాయక్కర్లేదు. "రిఫండ్లు రెండుసార్లు పోతుంటే కారణం పట్టుకున్నాను" అని రాయి. నేను ఇంటర్వ్యూ చేస్తే దాని గురించే గంట మాట్లాడతాను. రెండోది, గడువు పెట్టుకో. రెండేళ్ళో, రెండున్నరేళ్ళో. నేర్చుకునేది అయిపోయాక కూడా నిన్ను కదలనివ్వకపోతే మారిపో, మొహమాటపడకు. సెక్యూరిటీ ప్యాచులు కూడా రాని వెర్షన్ల మీద నడుపుతూ, మార్చమంటే వినని చోట అసలు ఉండకు. పైథాన్ భాషలో పాత వెర్షన్ పైథాన్ 2కి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. పైథాన్ 3 వచ్చింది 2008లో. పదకొండేళ్ళు టైమిచ్చినా కదలని కంపెనీకి నీ వయసు ధారపోయాల్సిన అవసరం లేదు.

ఏఐ గురించి కూడా ఒక్క మాట. ఇప్పుడు కోబాల్ ప్రోగ్రామ్ ఇస్తే ఏం చేస్తోందో చక్కగా చెప్పే టూల్స్ వచ్చాయి. నేను రోజూ వాడుతున్నాను, మంచివి. ఆ కమిషన్ లైను ఇస్తే భిన్నం కోసేస్తోందని సరిగ్గానే చెప్తాయి. ఎందుకు కోసేస్తోందో చెప్పాలంటే ఆ ఏడు అక్షరాలు ఉండాలి, ఆ ఒప్పందం చదివిన మనిషి ఉండాలి. ఇవాళ మీరు ఆ టూల్స్‌తో గంటకి వెయ్యి లైన్లు రాయిస్తున్నారు. వచ్చే ఏడు వాటిని చూసి, ఇది ఎందుకుంది అని ఎవరన్నా అడిగితే ఎవరు చెప్తారు? రాసినవాడు వెళ్ళిపోవడం కాదు, అసలు రాసినవాడే లేని కోడ్ అది. అందుకని కోడ్ మార్చినప్పుడు రాసే కమిట్ మెసేజ్‌లో "ఫిక్స్" అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకండి. ఎవరు అడిగారు, ఏ రూలు వల్ల, ఏ తేదీన, రెండు లైన్లు రాయండి. తెలుగులో రాసుకున్నా ఫర్వాలేదు, నోట్‌బుక్‌లో రాసుకున్నా ఫర్వాలేదు.

మా చుట్టాలబ్బాయి ఇవాళ వచ్చాడు, మూడో వరసలో ఉన్నాడు. నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. వాళ్ళ స్ట్రట్స్ ప్రాజెక్టులో ఒక కండిషన్ దొరికిందట, ఆదివారాలు మాత్రం ఒక మెయిల్ వెళ్ళకుండా ఆపుతోందట. టీమ్‌లో ఎవరికీ తెలీదు. మొట్టమొదట రాసిన ఆవిడ ఇప్పుడు మైసూరులో ఉంటున్నారని కనుక్కున్నాడు. నంబరు కూడా సంపాదించాడు. ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని ఆగాడు. తమ్ముడూ, మధ్యాహ్నం నా ముందే చెయ్యి.

పెద్దాయన 2016లో రిటైరై తెనాలి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆ నోట్‌బుక్ నాకిచ్చారు. క్లయింటు పేరు గానీ, పాలసీ నంబరు గానీ అందులో ఒక్కటీ లేదు. ప్రోగ్రామ్‌లో పేరాగ్రాఫు పేరు, తేదీ, కారణం, మూడే గడులు, గీతలు కొట్టుకుని రాసుకున్నారు. కారణం గడి మొత్తం తెలుగులో ఉంటుంది. ఇవాళ తీసుకొచ్చాను. అదిగో, టీ పెట్టిన బల్ల పక్కన ఉంది. చూడండి. కుట్టు ఊడిపోయింది, పేజీలు కాస్త మెల్లగా తిప్పండి.